మౌసు కదలని మధ్యాహ్నం

పాలమూరు, నల్లగొండ జిల్లాలను నేను ఎక్కువగా కిటికీల్లోంచే చూశాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసుల్లో, బడుల్లో, దవాఖానాల్లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఆ పనిలో సగం ఎదురుచూడటమే. ఒక మీట నొక్కితే తెర మీద నీలం గీత మొదలై కుడివైపుకు మెల్లగా పాకుతుంది. అది అవతలి అంచుకు చేరేదాకా మనం చేయగలిగింది ఏమీ ఉండదు. అప్పుడు నేను కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడిని. ఆత్మకూర్‌లో ఒక కిటికీ అవతల వరిమడుల్లో కొంగలు నిలబడి ఉండేవి. కొత్తకోటలో బెంగళూరు లారీలు పోతుంటే కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. అచ్చంపేటలో మధ్యాహ్నం పూట నల్లమల కొండలు నీలంగా, ఎక్కడో నిద్రలో చూసినట్టు కనిపించేవి. బయటికి చూస్తూ కూర్చుంటే జీతమిచ్చే కొలువు ఇంకోటి ఉంటుందని నేననుకోను.

రిటైరై కొంత కాలమైంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ఏ కోర్సు చదవాలి, ఏ కంపెనీ సర్టిఫికెట్ ఉండాలి అని అడుగుతారు. నాకు తెలియదని నిజమే చెప్తాను. నేను నేర్చుకున్న యంత్రాలన్నీ పాత సామాన్ల కొట్లకు పోయాయి. నా తెలివిలో ముప్పాతిక వాటితోనే పోయింది. మిగిలిన పావులో ఏముందో చూసుకుంటే, యంత్రాల కంటే మనుషుల సంగతులే ఎక్కువ కనిపిస్తున్నాయి. అవే రాస్తున్నాను.

చేతులు జేబులో

మా వెంకట్‌రెడ్డి సారుకు మహబూబ్‌నగర్‌లో చిన్న దుకాణం ఉండేది. రెండు జిల్లాల్లో ఎక్కడ కంప్యూటర్ చెడిపోయినా ఆ దుకాణానికి ఫోన్ వచ్చేది. మేం నలుగురం బస్సులెక్కి పోయేవాళ్లం. చేరిన మొదటి రోజు సారు నాకు నేర్పింది ఒక్కటే.

"పోంగనే పెట్టె ఇప్పకు మల్లేశం. రెండు చేతులు జేబుల పెట్టుకో. కుర్చీల కూసున్నోళ్లను అడుగు, గిది ఆఖరుసారి మంచిగున్నప్పుడు ఏం చేసిండ్రని. వాళ్లు చెప్పింది పూర్తిగ విను. అప్పుడు చేతులు తియ్యి."

ఈ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్లు బతికాను. నల్లగొండ వైపు ఒక ఆఫీసులో కంప్యూటర్ రోజూ రెండుసార్లు దానంతటదే ఆగిపోయేది. నాకంటే ముందు పోయిన మనిషి లోపలి భాగాలన్నీ మార్చి వచ్చాడు. అయినా ఆగుతూనే ఉంది. నేను చేతులు జేబులో పెట్టుకుని అడిగితే గుమాస్తా సంగతి చెప్పాడు. కరెంటుతో నడిచేది కాబట్టి కంప్యూటర్ ఆగ్నేయంలో ఉండాలని ఎవరో చెప్తే ఆ మూలకు జరిపారట. చాయ్ కాచే స్టవ్వు అప్పటికే ఆగ్నేయంలో ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్టవ్వు వెలిగేది, ఆ వేడికి పక్కనున్న పెట్టె ఆగేది. వాస్తు ప్రకారం రెండూ సరిగ్గానే ఉన్నాయి. నేను స్టవ్వును వరండాలోకి జరిపించి, ఒక కప్పు చాయ్ తాగి వచ్చేశాను.

వెంకట్‌రెడ్డి సారు చూపు మంచిది, ఫోనే చెడ్డది. అవతల ఆఫీసరు ఉన్నాడంటే ఆయనకు ఓపిక ఉండేది కాదు. ఐతదా, కాదా, రెండే మాటలు కావాలి. చేతులు జేబులో పెట్టుకోమని నేర్పిన మనిషే, ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే అదంతా మరిచిపోయేవాడు. పై అధికారులు చాలామంది ఇట్లాగే ఉంటారు. వాళ్లు నేర్పింది నేర్చుకోవాలి, వాళ్ల తొందర మాత్రం అంటించుకోకూడదు. నాకది ఒకసారి అంటుకుంది.

మూగబోయిన గది

తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, కార్తీక మాసం. అచ్చంపేట ఊరి చివర చూపు లేని ఆడపిల్లల కోసం ఒక హాస్టల్ బడి ఉండేది. అక్కడ పది కంప్యూటర్లు. వాటిలో తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉండేది. ఎండాకాలంలో దాని గడువు తీరిపోయింది. కొత్తది కొనడానికి మంజూరు రాలేదు. దాంతో పది యంత్రాలూ మూగబోయాయి. చూపు లేనివాళ్లకు మాట్లాడని కంప్యూటర్ ఒక ఇనుప డబ్బా.

జిల్లా ఆఫీసులో ఈ పిల్లలకు కంప్యూటర్లెందుకు అనేవాళ్లు ముందునుంచీ ఉన్నారు. వారంలోగా నడిపించి చూపించకపోతే ఆ పదింటినీ ఇంకో బడికి పంపిస్తామని ఉత్తరం వచ్చింది. యూనిక్స్ రకపు ఉచిత వ్యవస్థ, అంటే కంప్యూటర్‌ను నడిపించే అసలు సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తే, చదివి వినిపించే ఏర్పాటు దానితోపాటే ఖర్చు లేకుండా వస్తుంది. ఆ పని మీద సారు నన్ను పంపాడు.

అక్కడి కంప్యూటర్ టీచర్ పేరు అంజమ్మ. కొత్తకోట దగ్గరి గొల్లవాళ్ల ఇంటి బిడ్డ. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. అప్పటికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. నేను గడప దాటగానే, "చెప్పులు జర పక్కకు ఇడువుండ్రి సార్, పిల్లలు తట్టుకుంటరు" అంది.  గోడ వారగా కుర్చీ వేసుకుని కూర్చుని నా పని వింటూ ఉంది.

మొదటి యంత్రంలో ఆ కొత్త వ్యవస్థ డిస్కు పెట్టాను. తెర మీద స్వాగతం వచ్చింది. బాణం గుర్తు తెర నడుమ నిలబడింది. మౌసు పట్టుకుని జరిపాను. బాణం కదలలేదు.

పది మౌసులు

మౌసు తీగ ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో దాంట్లో పెట్టాను. కదలలేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాను. లోపలి సెట్టింగులు మార్చాను. పక్క యంత్రం మౌసు తెచ్చి తగిలించాను. అదీ కదలలేదు. మూడోదీ అంతే. ఒకదాని తర్వాత ఒకటి పది మౌసులూ పెట్టి చూశాను. నా సంచిలో ఎప్పుడూ ఒక మౌసు ఉండేది కాని, అంతకుముందు రోజు కొత్తకోటలో ఒక ఆఫీసులో వదిలేసి వచ్చాను.

పది మౌసులు ఒకేసారి చెడిపోవు కదా. కాబట్టి తప్పు మౌసుది కాదు, యూనిక్స్‌దే అని తేల్చుకున్నాను. అప్పటికి యూనిక్స్ నాకు కొత్త. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్ని లోపల్లోపల బాగా తిట్టుకున్నాను. జేబులో పెట్టుకోవాల్సిన చేతులు నాలుగు గంటలుగా బయటే ఉన్నాయి. గోడ వారగా కూర్చున్న మనిషిని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చూపు లేని మనిషికి మౌసు సంగతి ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఇది ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కాని ఆ రోజు నేను అనుకున్నది అదే.

కిటికీ అవతల కొండలు నీలంగా మారుతున్నాయి. సీతాఫలం పొదల మధ్య నుంచి ఒక మంద దిగి వస్తోంది. గొర్రెల మెడల్లో గంటలు వినిపించి, ఆగి, మళ్లీ వినిపిస్తున్నాయి. నాకు కొంచెం కునుకు పట్టినట్టయింది. అప్పుడే సారు ఫోన్ వచ్చింది.

"ఏం మల్లేశం, ఐతదా, కాదా? ఒక్క మాటల చెప్పు. ఇంకో లైన్ల ఆఫీసరు సారు ఉన్నడు."

"మౌసు నడుస్తలేదు సార్..."

"అది కాదు, ఐతదా, కాదా?"

"కాదు సార్."

ఆ ఒక్క మాట నా వృత్తిలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు. పావు గంటకే సారు మళ్లీ ఫోన్ చేశాడు. రేపు పదకొండుకు బండి వస్తుందనీ, ఆఫీసరు కూడా వస్తాడనీ, నేను అక్కడే ఉండి దగ్గరుండి పెట్టెలు ఎక్కించాలనీ చెప్పాడు. ఆ సంగతి అంజమ్మకు చెప్పే పని నా మీద పడింది.

చెప్పాను. 

"బండి వస్తే నేను గూడ ఎక్కాలె సార్" అంది. "కంప్యూటర్లు లేని బడికి కంప్యూటర్ టీచర్ ఎందుకు? మా ఊర్ల మొదలు నౌకరి చేసిన ఆడిమనిషిని నేనే. మళ్ల ఇంటికాడ కూసుంటే మా అవ్వ ఏమనది. అదే నాకు కష్టమైతది."

నేను సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకు ఆమె అడిగింది.

"కీబోర్డు పనిచేస్తాందా సార్?"

"చేస్తాంది."

"మరి పని ఎందుకు ఆగింది?"

"మౌసు లేంది ఎట్ల మేడం? ఏది నొక్కాలన్నా బాణం దాని మీదికి పోవాలె గద."

"మా పిల్లలు దాన్ని ఒక్కనాడు ముట్టుకోలేదు సార్. బాణం ఎటు పోతాందో కనబడ్డోళ్లకే అది అక్కరకొస్తది. మేం అన్ని మీటల తోటే చేస్తం." ఆమె ఇది బాధగా చెప్పలేదు. మహబూబ్‌నగర్ బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

నేను సంచి కింద పెట్టాను.

రాసింది రాసినట్టు

వ్యవస్థ ఎక్కిన తర్వాతే అది మాట్లాడుతుంది. ఎక్కేటప్పుడు మాట్లాడదు, నేను తీసుకుపోయిన డిస్కు అలాంటిది. కాబట్టి తెర చదవడానికి ఆమెకు నేను కావాలి. మౌసు లేకుండా తెరంతా తిరగడానికి నాకు ఆమె కావాలి. ఆమె కీబోర్డు ముందు కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను.

"ఏమున్నది సార్ తెర మీద?"

"ఏం లేదు మేడం, మామూలే."

"మామూలంటే నాకెట్ల తెలుస్తది? రాసింది రాసినట్టు చదువుండ్రి. పైనుంచి కింది దాక."

చదివాను. భాష ఎంచుకోమంటోంది అన్నాను. ఎన్ని ఉన్నాయి, ఇప్పుడు దేని మీద ఉంది అని అడిగింది. చెప్పాను. ట్యాబ్ మీట రెండుసార్లు నొక్కి, కిందికి బాణం మీట నొక్కి, ఎంటర్ కొట్టింది. తెర మారింది. మళ్లీ చదివాను. నాలుగు గంటలు నేను కొట్టుమిట్టాడిన చోటు నుంచి ఆమె అర నిమిషంలో దాటిపోయింది.

మూడో తెర దగ్గర నేను పై రెండు లైన్లు చదివి ఆపాను. మిగతాది చిన్న అక్షరాల్లో ఉంది. అలాంటివి నేను ఎన్నడూ చదవలేదు.

"అయిపోయిందా సార్? మీ గొంతు పూర్తి అయినట్టు లేదు."

సరే అని చిన్న అక్షరాలు కూడా పైకి చదివాను. "ఈ కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిగిపోవును" అని ఉంది. ఆమె వేలు మీట మీద ఆగింది. ఆ యంత్రంలో పిల్లల కోసం ఆమె రెండేళ్లుగా రికార్డు చేసిన పాఠాలు ఉన్నాయట. ఆయా బాలమణి పుస్తకం చూసి చదువుతుంటే రికార్డు చేసినవి. నేను ఒంటరిగా చేసి ఉంటే అర క్షణంలో ఎంటర్ కొట్టేవాడిని. మౌసు కదిలి ఉంటే పొద్దుననే కొట్టేసి ఉండేవాడిని. పాఠాలను వేరే చోటికి తీసిపెట్టి అప్పుడు ముందుకు పోయాం.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలారా, ఈ వృత్తాంతంలో మీకు పనికొచ్చే సాంకేతిక విషయం ఏదైనా ఉంటే ఇదే. తెరను పైకి చదవండి. పక్కన ఎవరూ లేకపోయినా చదవండి. కన్ను దొంగది, తనకు తెలుసనుకున్నవన్నీ దాటేస్తుంది. నోరు అలా దాటలేదు.

ఒక యంత్రంలో నీలం గీత పాకుతుండగా పక్కదానికి జరిగాం. ఎండ గోడ మీదికి ఎక్కి ఎర్రబడింది. తరగతులైపోయిన పిల్లలు ఒక్కొక్కరే గోడ పట్టుకుని వచ్చి కింద కూర్చున్నారు.  నా గొంతు, మీటల చప్పుడు, దూరంగా మంద గంటలు, అంతే. అంతసేపు పైకి చదవడం నాకు బడి వదిలాక అదే మొదటిసారి. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఒక నిద్రలోకి మెల్లగా దిగుతున్నట్టుంది, కాని మనసు ఎన్నడూ లేనంత మెలకువగా ఉంది. ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదేమో అని నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మొదటి యంత్రం లేచింది. రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతుతో తెర మీది మాటలు చదవడం మొదలుపెట్టింది. గోడ వారగా ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. అంజమ్మ నవ్వలేదు. "ఇంకా తొమ్మిదున్నయి సార్" అంది.

అన్నం గంట కొట్టేసరికి ఆరు యంత్రాలు పూర్తయ్యాయి. మిగతావి పొద్దున చేద్దామంది. ఒకసారి కాదన్నవాణ్ని ఫోన్‌లో ఎవరూ నమ్మరు, ఆఫీసరు వచ్చి చూస్తేనే నయమనుకుని, సారుకు చెప్పకుండానే నేను లాడ్జికి పోయి పడుకున్నాను.

కుంకుమ

మరునాడు పొద్దున తొమ్మిదికల్లా పదీ అయిపోయాయి. ఆఖరి యంత్రం దగ్గర, అడ్డంగా ఉందని అంజమ్మ మౌసును తీసి పక్కన పెట్టబోయింది. ఆమె వేళ్లు ఆగాయి.

"సార్, దీనికి కింద ఏందో గరుకుగున్నది." ముక్కు దగ్గర పెట్టుకుంది. "కుంకుమ."

తిప్పి చూశాను. అడుగున వెలుగు వచ్చే చిన్న గుంత ఉంటుంది. మౌసు ఆ గుంతలోంచే బల్లను చూసి తను ఎటు జరిగిందో తెలుసుకుంటుంది. ఆ గుంత నిండా పసుపు, దాని మీద కుంకుమ ఎండి గట్టిపడి ఉన్నాయి. మిగతా తొమ్మిదీ తిప్పాను. అన్నిటిదీ అదే కథ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని అప్పుడు తెలిసింది. మా బాపు గొర్రెలు కాసినవాడు. గొర్రె కుంటితే ముందు దాన్ని పడేసి గిట్ట చూసేవాడు. ఆయన కొడుకునైన నేను ఒక్క మౌసునైనా తిప్పి చూడలేదు.

బాలమణి చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆమె మొహం చిన్నబోయింది.

"దసరకు పనిముట్లకు పూజ చేస్తం గద సార్. పైన పెడితే పిల్లల చేతులకంటి బట్టలన్ని ఖరాబైతయని కింద పెట్టిన. పదింటికి పెట్టిన, ఒక్కదాన్ని గూడ ఇడిచిపెట్టలె."

దసరా అయి నెల దాటింది. ఆ నెలలో ఆ గదిలో మౌసు కదలలేదని ఎవరికీ తెలియదు. ఎవరికీ దానితో పని పడలేదు. బాలమణి గబగబా సూది, తడిగుడ్డ తెచ్చి పదింటినీ శుభ్రం చేసింది. మౌసు పట్టుకుంటే బాణం చక్కగా పరుగెత్తింది. నాకు దాని మీద ఏమాత్రం ఆసక్తి కలగలేదు.

ఆఫీసరు రాసింది

పదకొండుకు బండి వచ్చింది. ఇద్దరు కూలీలు తాళ్లతో దిగారు. వెనక జీపులో ఆఫీసరు దిగాడు. అంజమ్మ ఆయనను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఇష్టమున్నది అడగమంది. ఆయన ఒక వాక్యం చెప్పాడు. ఒక పిల్ల దాన్ని టైపు చేసింది, యంత్రం చదివి వినిపించింది. ఆయన తన పేరు చెప్పాడు. యంత్రం ఆయన పేరు కూడా పలికింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నిన్న కాదంటిరి. ఇయ్యాల ఎట్లయింది?"

జవాబు నా నాలుక చివరే ఉంది. సార్, ఆయా మౌసులకు కుంకుమ పెట్టింది అంటే చాలు, నా పేరు బాగుంటుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు. బాలమణి వాకిట్లోనే ఉంది. ఆమెది రోజుకూలీ లాంటి కొలువు, ఒక్క మాటతో తీసేయొచ్చు. అయినా మౌసు కదలకపోవడానికీ పని ఆగిపోవడానికీ సంబంధం లేదని నిన్న సాయంత్రమే నాకు రుజువైంది.

"యంత్రాల తప్పు లేదు సార్. నాకే తెల్వక కాదన్న" అన్నాను.

ఆయన కాయితం తీసి నిలబడే నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి అంజమ్మ చేతిలో పెట్టాడు. ఒక్క మాటా పైకి చెప్పలేదు. కూలీలు తాళ్లు చుట్టుకుని ఎక్కారు. బండి ఖాళీగా తిరిగిపోయింది.

అంజమ్మ ఆ కాయితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. 

"ఇది మాట్లాడదు గద సార్. జర చదువుండ్రి."

తీసుకుని చదివాను. పది యంత్రాలు పనిచేస్తున్నవి. వాటిని ఈ బడిలోనే ఉంచవలెను. కంప్యూటర్ ఉపాధ్యాయురాలిని కొనసాగించవలెను. అక్కడిదాకా చదివేసరికి ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ తర్వాత ఇంకో లైను ఉంది. యంత్రాలు పనిచేయవని నిన్న వచ్చిన సమాచారము తప్పు, అది సాంకేతిక సిబ్బంది మల్లేశం అవగాహన లోపము వలన జరిగినది. అది కూడా చదివి కాయితం ఆమె చేతికిచ్చాను.

ఆమె దాన్ని మడిచి కొంగుకు ముడేసుకుంది. కళ్లు తుడుచుకుంది.

"ఆఖరి లైను కాడ జరసేపు ఆగిండ్రు సార్. నాకు వినబడ్డది" అంది. "ఇడిచిపెడ్తరేమో అనుకున్న."

"నేను గూడ అట్లనే అనుకున్న మేడం" అన్నాను.

రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి విన్నాను.